చాట్‌లో కిరాయి జనం

లైవ్ వీడియోల వేదిక ట్విచ్‌లో ఓ కొత్త కుర్రాడు ఆట లైవ్ పెట్టాడు. చూసేవాళ్లు ముగ్గురు. అందులో ఒకటి వాడి సొంత ఫోనే.

అంతలో చాట్‌లో పలకరింపు: ‘‘హాయ్! స్ట్రీమ్ అదిరింది. ఎన్నాళ్లుగా చేస్తున్నారు?’’

కన్నతల్లి కూడా ఎన్నడూ అడగలేదు. కుర్రాడు ఆట ఆపి మరీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకొచ్చాడు.

మూడో మాటకే అసలు సంగతి బయటపడింది: ‘‘నేను గ్రాఫిక్ ఆర్టిస్టును. లోగో గీసిపెడతా, డిస్కార్డ్‌లోకి రండి.’’

అదే క్షణంలో పక్క ఛానెల్‌లోనూ అదే ఆర్టిస్టు, అంతే ముచ్చటగా, అదే ప్రశ్న. మనిషి కాదు, బాట్ అనే ప్రోగ్రామ్!

ఇంకో రకం బాట్‌కు మొహమాటాల్లేవు. ‘చౌకగా వ్యూయర్లు కావాలా?’ అని నేరుగా బేరమే. ఫిల్టరుకు దొరక్కుండా ఇంగ్లిషు అక్షరం తీసి, అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరం ఇరికిస్తుంది. మనకు ఒక్క లిపిలోనే తప్పులు!

సభకు జనాన్ని తోలాలంటే లారీ, బిర్యానీ పొట్లం, చేతిఖర్చు. ఈ కిరాయి వ్యూయర్లకు అవేమీ అక్కర్లేదు. ఎండకు సొమ్మసిల్లరు, నాయకుడు మాట్లాడుతుంటే లేచిపోరు.

చిక్కంతా మనుషులకే. అసలు సిసలు అభిమాని ఆనందం పట్టలేక ‘సూపర్ సూపర్ సూపర్’ అని కొడితే, కాపలా బాట్ స్పామ్ అంటూ మెడపట్టి గెంటేస్తుంది. మర్యాదగా కుశలం అడిగే బాట్ మాత్రం దర్జాగా ముందు వరసలో.

2021 ఏప్రిల్‌లో ట్విచ్ ఇలాంటి దొంగ ఫాలోవర్లు, దొంగ వ్యూయర్ల ఖాతాలు 75 లక్షలకు పైగా పట్టుకుంది. ఏరివేతలో ఎందరి అభిమాన సంఘాలో బక్కచిక్కాయి.

అంతమంది అభిమానుల్లో ఒక్కరైనా ‘వెళ్లొస్తా’ అనలేదు.