గెలిచినవాడి గోడు

మాస్టారికి ఆ పూట జలుబు చేసిందట. ఆట జరిగినంతసేపూ ఈ సంగతి నాకు తెలియలేదు. ఒక్క తుమ్మూ వినబడలేదు, ఒక్కసారీ చేతిరుమాలు బయటికి రాలేదు. మర్నాడు పొద్దున్న పాలప్యాకెట్ల దగ్గర మూడో అంతస్తు ఆయన "పాపం, మాస్టారికి ఒంట్లో బాగాలేదటగా, మీరు గెలిచారట" అన్నాడు. ఆ రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో అన్న తీరు వింటే, ఆసుపత్రి మంచం మీదున్న మనిషి జేబు కొట్టేసినవాణ్ణి పలకరించినట్టుంది.

సాయంత్రానికి జలుబు కాస్తా జ్వరమైంది. ఆ తరవాత కళ్ళజోడు వంతు: కొత్తది ఇంట్లో మర్చిపోయి పాతది పెట్టుకొచ్చారట. ఆపైన ఫ్యాను చప్పుడు. వారం తిరిగేసరికి మా సెల్లారులో మిణుకుమిణుకుమనే ట్యూబులైటు కూడా నా పక్షానే ఆడిందని అపార్టుమెంటంతా ఒప్పుకుంది. ఒంట్లో బాగున్న ప్రత్యర్థిని లోకంలో ఇంతవరకూ ఎవరూ ఓడించలేదని చదరంగం ఆడేవాళ్ళలో ఓ పాత చమత్కారం ఉంది. ఓడిపోయే రోజుల్లో విని తెగ నవ్వేవాణ్ణి.

మాస్టారంటే ఆషామాషీ మనిషి కాదు. రిటైరైన లెక్కల లెక్చరరు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగు ఉంది. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరైన కోనేరు హంపి మా కృష్ణా జిల్లా పిల్లేనని, అందులో తన వాటా కూడా కాస్త ఉన్నట్టే చెబుతారు. నాకు రేటింగు లేదు. ఫోనులో ఆడుకునే ఆట ఏదో అంకె ఇచ్చింది గానీ అది నలుగురిలో చెప్పుకునేంతది కాదు. నన్ను ఓడించేటప్పుడు మాస్టారు పేపరు చదువుకుంటూ ఆడేవారు. పేజీ తిప్పే చేత్తోనే పావు జరిపి, మళ్ళీ సంపాదకీయంలోకి వెళ్ళిపోయేవారు. ఆ రోజుల్లో నా జలుబు గురించి ఎవరూ వాకబు చేయలేదు. ఆ ట్యూబులైటు అప్పుడూ అలాగే కొట్టుకుంటూ ఉండేది.

అసలు ఆట ఎలా నడిచిందో ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను. నా గుర్రాన్ని ఆయన మంత్రి కొట్టింది. నేనిచ్చాను, ఆయన పుచ్చుకున్నారు. మంత్రి అటు పోవడంతో వెనక వరసకి కాపలా లేకుండా పోయింది. రాజుగారేమో కోట కట్టుకుని, ముందు మూడు బంట్లని అంగుళం కదపకుండా నిలబెట్టుకుని దిలాసాగా కూర్చున్నారు. నా ఏనుగు నిలువునా వెళ్ళి ఆఖరి వరసలో దిగింది. పారిపోదామంటే ముందు సొంత బంట్లే అడ్డం. ఆటకట్టు! పిల్లలకి చదరంగం నేర్పేటప్పుడు మొట్టమొదట చూపించే కట్టుల్లో ఇదొకటి. జలుబు జ్వరమైంది బహుశా అందుకే.

"అది నీ గొప్పేం కాదులే బావా" అన్నాడు మా బావమరిది. వాడు బ్యాంకులో పనిచేస్తాడు, ఎవరి సొమ్ము ఎవరిదో తేల్చందే నిద్రపోడు. ఈ రేటింగు పద్ధతి కట్టినాయన అర్పాద్ ఎలో. హంగరీలో పుట్టి, అమెరికాలో ఫిజిక్సు పాఠాలు చెప్పిన ప్రొఫెసరు. 1970లో ఫిడే ఆ పద్ధతిని తీసుకుంది. ఆయన లెక్కలో ఇద్దరి మధ్య 400 పాయింట్ల తేడా ఉంటే, పైవాడికి పది పాయింట్లొచ్చే చోట కిందివాడికి ఒకటి రావాలి. "అంటే పదకొండు ఆటలకి ఓ పాయింటు నీకు న్యాయంగా రావాల్సిందే. నువ్వు ఇన్నేళ్ళుగా ఓడుతున్నావు కాబట్టి అది ఎప్పటిదో పాత బాకీ. ఇప్పుడు వసూలైంది, అంతే" అన్నాడు. ఓడితే నా తెలివితక్కువతనం, గెలిస్తే సగటు. ఆ ప్రొఫెసరుగారు ఏ ఉద్దేశంతో కట్టాడో గానీ, మా ఇంట్లో మాత్రం ఈ లెక్క నన్ను అణగదొక్కడానికే పనికొస్తోంది.

ఇది చాలదన్నట్టు మా అబ్బాయి ఆట మొత్తాన్ని ఫోనులోకి ఎక్కించి, ఎత్తుల తప్పొప్పులు తేల్చే చదరంగం ప్రోగ్రాము స్టాక్‌ఫిష్‌కి అప్పజెప్పాడు. పూర్వం గెలిచినవాడు గెలిచాడు, ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు. ఇప్పుడు గెలిచాక పోస్టుమార్టం. పచ్చ గుర్తులన్నీ మాస్టారికి, ఎర్ర గుర్తులన్నీ నాకు. నేను బలిచ్చిన గుర్రం దగ్గర రెండు ప్రశ్నార్థకాలు పెట్టింది. "నాన్నా, ఇది బలి కాదట, పోగొట్టుకోవడమట" అన్నాడు. బలికీ పోగొట్టుకోవడానికీ తేడా ఉద్దేశంలో ఉంటుంది, ఉద్దేశం ఆ యంత్రానికి ఎవరు చెప్పారు? అడిగితే వాడు ఫోను నా వైపు తిప్పాడు. చూస్తే ఆటలో ముప్పాతిక వంతు మాస్టారే గెలుస్తున్నారు.

కొంతలో కొంత ఊరట, ఈ అవమానం పెద్దవాళ్ళకీ తప్పలేదు. 2025 జూన్‌లో నార్వేలో గుకేశ్ మాగ్నస్ కార్ల్‌సన్‌ని ఓడిస్తే, కార్ల్‌సన్ పావులు ఎగిరిపడేలా బల్ల గుద్దాడు. ఆ గుకేశ్, చెన్నైలో పెరిగిన మన తెలుగింటి పిల్లాడు, అప్పటికే ప్రపంచ చాంపియను, బయటికొచ్చి ఏదో అదృష్టం కలిసొచ్చిందన్నట్టే మాట్లాడాడు. 1972లో రెయిక్యావిక్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలో ఫిషర్ చేతిలో సోవియట్ ఆటగాడు స్పాస్కీ వెనకబడితే, సోవియట్ బృందం కుర్చీల్లో ఏదో ఉందని ఎక్స్‌రే తీయించింది. దీపాలు విప్పి చూస్తే దొరికినవి రెండు చచ్చిన ఈగలు.

వీటన్నిటినీ మించింది 1978లో ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో జరిగిన పెరుగు గొడవ. కార్పోవ్‌కీ, సోవియట్ దేశం విడిచి వచ్చేసిన కోర్చ్‌నోయికీ ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ. ఆట మధ్యలో కార్పోవ్‌కి ఓ గిన్నెడు పెరుగొచ్చింది. అది పెరుగు కాదు, రహస్య సందేశమని కోర్చ్‌నోయి పక్షం ఫిర్యాదు రాసిచ్చింది. నిర్వాహకులు నవ్వి ఊరుకోలేదు. ఇకమీదట ఫలానా రంగు పెరుగు, ఫలానా వేళకే అని తేల్చారు. ఇంతా చేసి ఆ ఆట డ్రా.

ఈ పెరుగు దగ్గర నా బుర్ర ఆగిపోయింది. తెలుగువాడికి పెరుగు వచ్చిందంటే సందేశం ఒక్కటే, భోజనం అయిపోవచ్చింది, ఇక లేవవచ్చు అని. అదే కార్పోవ్ మనవాడైతే ఆ గిన్నె రాగానే చెయ్యి కడుక్కుని డ్రాకి ఒప్పుకునేవాడు. అయినా ఒట్టి పెరుగుతో పంపగలిగే సమాచారం ఎంతని? మనదైతే పెద్ద నిఘంటువే. అంచున ఆవకాయ ముక్కుంటే దాడి చెయ్యమని. మాగాయైతే కాస్త ఓపిక పట్టమని. చల్లమిరపకాయ వస్తే ఏనుగుని ఇచ్చెయ్యమని. గడ్డపెరుగైతే కోట కట్టుకో, మజ్జిగై వస్తే నీ కోటకి చిల్లుపడింది చూసుకో. పులిసిన పెరుగొస్తే ఓటమి ఒప్పుకుని లేచి రా. నిర్వాహకులు ప్రతి గిన్నే రుచి చూడాలి, పక్కన దోసావకాయో మామూలు ఆవకాయో తేల్చడానికి మరో సంఘం వెయ్యాలి. గోదావరి జిల్లాల వాళ్ళని ఆ సంఘంలో వేస్తే గుంటూరు వాళ్ళు ఊరుకోరు. ఇదంతా మా ఆవిడకి చెబితే పూర్తిగా విని, "తోడు సరిగ్గా పడకపోతేనో?" అని ఒక్క ప్రశ్న వేసింది. ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను.

ఆ కోర్చ్‌నోయి గురించే ఇంకా వెతుకుతుంటే ఒకటి దొరికింది. 2011 జనవరిలో జిబ్రాల్టర్‌లో ఆయన కరువానాని ఓడించాడు. కరువానాకి పద్దెనిమిదేళ్ళు, అప్పటికే 2700 దాటిన రేటింగు. కోర్చ్‌నోయికి డెబ్భై తొమ్మిది. ఆ ఎండాకాలమే, ఎనభయ్యో ఏట, స్విట్జర్లాండ్ జాతీయ చాంపియన్ అయ్యాడు. ఇది పట్టుకెళ్ళి మాస్టారి ముందు పెట్టి, వయసూ ఓ సాకేనా అని అడగాలనుకున్నాను. లిఫ్టు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, ఆయన ఆ సాకు చెప్పనేలేదు. జలుబన్నారు, జ్వరమన్నారు, కళ్ళజోడు, ఫ్యాను, ట్యూబులైటు అన్నారు. వయసు మాట మాత్రం ఎత్తలేదు. జలుబు తగ్గుతుంది, కళ్ళజోడు మార్చుకోవచ్చు. రెండేళ్ళ కిందటైతే ఆ ఏనుగుని ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే చూసేవారు. ఈ మధ్య పేపరు మానేసి, బల్ల మీదికి వంగి, పావు మీద వేలు పెట్టి చాలాసేపు ఆలోచించి ఆడుతున్నారు. నా ఆట మీద గౌరవం పెరిగిందనుకున్నాను.

లిఫ్టు ఎక్కకుండా వెనక్కి వచ్చేశాను. ఎవరైనా అడిగితే ఇప్పుడు నేనూ జలుబనే చెబుతున్నాను, నాలుగు దగ్గులు నేనే కలిపి మరీ.

ఆయనే మళ్ళీ ఆదివారం ఆటకి కబురు పెట్టారు. ఈసారి కూడా గెలిస్తే అప్పుడైనా నా గొప్ప ఒప్పుకుంటావా అని బావమరిదిని అడిగాను. "అప్పుడు ఆయన రేటింగే తప్పని తేలుతుంది బావా" అన్నాడు.