రెండో పాస్‌వర్డ్

అమ్మకి చెవి కాస్త మందగించింది. ఫోన్లో మాట అందదు. టీవీ సౌండు పెంచితే మాత్రం వంటింట్లో ఉన్నా వినగలదు. అందుకే డెట్రాయిట్ నుంచి తణుకు వచ్చిన కొడుకు, తను రోజూ ఆఫీసుకి వెళ్తూ కారులో వినే భాగవతం పాడ్‌కాస్ట్‌ని అమ్మకి టీవీలో వినిపించాలనుకున్నాడు. టీవీ వెనక స్ట్రీమింగ్ స్టిక్ ఉంది. కిందటిసారి వచ్చినప్పుడు కొత్త రూటర్‌తో పాటు దాన్నీ తనే బిగించి, పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి నాన్న చేతికిచ్చి వెళ్లాడు.

"ఒక్క నిమిషం, ఇలా కూర్చో అమ్మా" అంటూ యాప్ తెరిచాడు. ఎపిసోడ్ పైన ఉండాల్సిన, టీవీకి పంపే కాస్ట్ గుర్తు లేదు.

అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ అడిగింది. "నీ ఫోన్లో ఉన్నది టీవీలోకి ఎలా పోతుందిరా?"

"ఫోన్లోంచి పోదమ్మా. ఆ ఎపిసోడ్ ఇంటర్నెట్‌లో ఎక్కడుందో ఆ చిరునామా ఒక్కటే ఫోను చెబుతుంది. స్టిక్కే వెళ్లి తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఫోను రిమోట్‌లా పనికొస్తుంది, అంతే. కాకపోతే ముందు రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. 'ఇంట్లో ఎవరున్నారు?' అని వైఫైలో ఫోను కేకేస్తుంది. 'నేనున్నా' అని స్టిక్ పలకాలి. ఇప్పుడు పలకడం లేదు."

వరసగా ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. స్టిక్ ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాడు. రూటర్ ఆపి మళ్లీ వేశాడు. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఫోను మాటలన్నీ ఆ దారినే పోయి, పక్కనున్న టీవీ కూడా కనిపించకపోవచ్చు. దాన్నీ ఆపాడు. ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఇంటి నెట్‌వర్క్‌లో ఇతర పరికరాలను వెతకాలంటే యాప్ మన అనుమతి అడగాలి. ఎప్పుడో ఏదో తొందరలో వద్దని నొక్కి ఉంటే యాప్‌కి ఏదీ కనిపించదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూశాడు, అనుమతి ఉంది. కొన్ని రూటర్లలో ఒక పరికరం మాట ఇంకోదానికి చేరకుండా ఆపే ఐసొలేషన్ అనే మీట ఉంటుంది. అది చూద్దామంటే రూటర్ పేజీయే తెరుచుకోలేదు.

నెట్ రావడం లేదా అంటే, దివ్యంగా వస్తోంది. దిగిన రోజు నుంచి మెయిల్స్, వీడియో కాల్స్ అన్నీ ఆ వైఫై మీదే నడుస్తున్నాయి.

ఈలోగా కూరల సంచీతో నాన్న వచ్చాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు. ప్రశ్నలో ఏముంటే దానికే జవాబు రాయమనే మనిషి.

"అదేమిట్రా, నా ఫోన్లోంచి రోజూ టీవీకి పెడుతూనే ఉన్నానే" అంటూ తన ఫోను తీసిచ్చాడు. అందులో కాస్ట్ గుర్తు చక్కగా వెలుగుతోంది.

అంటే స్టిక్ బాగుంది, రూటర్ బాగుంది. కొడుకు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి వైఫై పేర్లు చూశాడు. నాన్న ఫోన్లో ఇంటి పేరు. ఈమధ్యే కొన్న తన ఫోన్లో అదే పేరు, చివర 'గెస్ట్' అని తోక.

రూటర్ ఒక్కటే అయినా నెట్‌వర్క్‌లు రెండు. గెస్ట్ నెట్‌వర్క్ మీద బయటి ప్రపంచమంతా అందుతుంది గానీ, ఇంట్లో ఉన్న టీవీ, ప్రింటర్, రూటర్ సెట్టింగులు సాధారణంగా అందవు. బయటివాళ్ల ఫోన్లలో ఏదైనా వైరస్ ఉంటే ఇంట్లో వాటికి అంటకుండా పెట్టిన అడ్డుగోడ అది. ఫోను ఎంత కేకేసినా ఆ గోడ దాటి వినపడదు.

దొరికింది కదా అని కొడుకు హాయిగా నవ్వేశాడు. "నాన్నగారూ! నేను దిగిన రోజు మీరు చెప్పింది గెస్ట్ పాస్‌వర్డ్. ఇంటిది చెప్పాల్సింది. దీంతో ఇంట్లో ఏదీ నన్ను గుర్తుపట్టదు."

మాస్టారు కళ్లజోడు సర్దుకుని, క్యాలెండర్ వెనక నుంచి మడతపెట్టిన కాగితం తీసి కొడుకు ముందు పరిచాడు.

"నువ్వు రాసిచ్చిందేరా ఇది. పైది ఇంట్లో ఉండేవాళ్లకి, కిందది నాలుగు రోజులుండి వెళ్లిపోయేవాళ్లకి అని నీ చేత్తోనే రాశావు. అందుకే నీకు కిందది చెప్పాను."