నిష్క్రమణ పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ పద్యకర్త మా బావగారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వ్యాఖ్యాత ఆయనకు బావమరిది కనుక పాఠకులు నిష్పక్షపాతం ఆశించరాదు.

సందర్భం ఏమనగా: ‘మన కుటుంబం’ అనే వాట్సాప్ గ్రూపులో ఇటువైపు వారూ అటువైపు వారూ కలిసే ఉంటారు. అందులో మా పెదనాన్నగారు ఒక తెల్లవారుజామున, ఫలానా మెంతుల కషాయం మూడు వారాలు తాగితే ఇక ఇన్సులిన్ అక్కర్లేదని ఒక సందేశం పంపారు. ‘ఎవరు చెప్పారండీ మామగారూ?’ అని పద్యకర్త అడిగారు. జవాబుగా కొన్ని దండాలు, రెండు గులాబీలు, న్యూజెర్సీ నుంచి ఒక శుభరాత్రి వచ్చాయి. షుగరున్న మా మేనత్త మాత్రం ‘మెంతులు ఎన్ని చెంచాలు?’ అని అడిగింది. ఆ రాత్రి ఈ పద్యం పుట్టింది. దాన్ని గ్రూపులో పెట్టి కవి నిష్క్రమించెను.

మూలం

తప్పు వార్త లెన్నొ తా మోయు గ్రూపున
నుండ లేను నేను నూరు సార్లు
చెప్పి చూచినాను చెవి కెక్కదాయెను
వెళ్ళుచుంటి నింక వీడుకోలు

ప్రతిపదార్థం

తప్పు వార్తలు = సరికాని సమాచారములు. ‘అబద్ధపు వార్తలు’ అనకపోవడంలో కవి సంస్కారం కనిపిస్తున్నది. అబద్ధానికి ఆడేవాడు ఉండాలి. తప్పు ఎవరివల్లనైనా జరుగుతుంది. కషాయం సంగతి పంపిన పెదనాన్నగారికి ఎవరినీ మోసగించే బుద్ధి లేదు. ఆయనా అదే తాగుతున్నారు.

ఎన్నొ = లెక్కకు మించినవి. లెక్కల మాస్టారే లెక్కపెట్టడం మానేశారంటే సంఖ్యను ఊహించుకోవాలి. ఉదాహరణకు రెండు. 2016 నవంబరులో కొత్త 2000 రూపాయల నోటు రాగానే అందులో చిప్ పెట్టారనీ, నేలలో పాతిపెట్టినా ఉపగ్రహానికి కనబడిపోతుందనీ వార్త వచ్చింది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ నోటునే వెనక్కు పిలిచింది. చిప్ మాత్రం ఈనాటికీ ఎవరి చేతికీ చిక్కలేదు. ఇక 2020 ఫిబ్రవరిలో కోడిమాంసం తింటే కరోనా అంటుకుంటుందన్న మాట రెండు తెలుగు రాష్ట్రాల కోళ్ళ రైతులనూ నిలువునా ముంచింది. ఆ నెల 28న హైదరాబాదు పీపుల్స్ ప్లాజాలో అప్పటి మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ వేదిక మీద నిలబడి అందరి ఎదుటా చికెన్ తిని చూపించవలసివచ్చింది. ప్రత్యక్ష ప్రమాణమంటే తర్కశాస్త్రజ్ఞులు ఇన్నాళ్ళూ కుండనూ గుడ్డనూ చూపిస్తూ వచ్చారు. కోడికాలు ప్రమాణం కావడం వ్యాఖ్యాత ఎరిగినంతలో ఇదే మొదలు.

తా మోయు = తాను మోసే. ఇక్కడ ‘తా’ అనేది యతికోసం వచ్చి కూర్చున్నదని కొందరంటారు. వారికి సమాధానం ఎంఐటీ పరిశోధకులు ఇచ్చారు. 2006 నుంచి 2017 దాకా ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో ‘సైన్స్’ పత్రికలో వారు చెప్పినదేమంటే, పదిహేనువందల మందిని చేరడానికి నిజానికి అబద్ధంకన్నా ఆరు రెట్ల కాలం పట్టింది. ఇదంతా యంత్రాల మాయేమోనని బాట్లను తీసివేసి చూసినా ఫలితం మారలేదు. నిజాన్నీ అబద్ధాన్నీ బాట్లు ఇంచుమించు సమానంగానే మోశాయి; అబద్ధానికి అదనంగా భుజం పట్టినవారు మనుషులే. కాబట్టి వార్త తనంతట తాను నడిచిరాలేదు, గ్రూపు ‘తానే’ మోసింది. ‘తా’ వ్యర్థపదం కాదు.

గ్రూపున = గ్రూపునందు. ‘గ్రూ’ సంయుక్తాక్షరం కనుక దాని ముందున్న ‘యు’ గురువై గణం చెడుతుందని ఛాందసులు ఆక్షేపించవచ్చు. గ్రూపు అచ్చతెలుగు మాటేనని ఒప్పుకుంటే ఆ దోషం లేదు. ఇంటింటా ఉన్న మాట తెలుగు మాట కాకపోతే ఇంకేమవుతుంది?

నూరు సార్లు చెప్పి = ఇది అతిశయోక్తి; అంత లేదని మా అక్క సాక్ష్యం. పైగా ఎలా చెప్పారన్నది కవి దాచిన విషయం. చాలాసార్లు ‘ఫేక్’ అని ఒక్క మాట, దాని కింద ఇంగ్లీషులో ఉన్న ఒక లింకు. అదీ ఇంటి అల్లుడు, ఎనభైకి దగ్గరపడ్డ పెదమామగారిని, వియ్యాలవారంతా చూస్తుండగా. ఆ లింకును తెరిచినవారెవరూ లేరు. అందరూ చదివినది ఆ ఒక్క మాటే.

చెవి కెక్కదాయెను = చెవికి ఎక్కలేదు. పైది చదివినవారికి దీని టీక అవసరం లేదు.

వెళ్ళుచుంటిని = వెళ్ళిపోతున్నాను. ఒక సూక్ష్మం గమనించాలి. గ్రూపులో అందరికీ తెలియకుండా, అడ్మిన్లకు మాత్రమే తెలిసేలా నిశ్శబ్దంగా వైదొలగే వీలును వాట్సాప్ 2022లోనే కల్పించింది. ఆ వీలుండి కూడా ఛందస్సు కట్టి, పద్యం చదివించి మరీ వెళ్ళాడు కనుక ఇది సన్యాసం కాదు, అలక. అలకకు లక్షణం, ఎవరైనా వచ్చి పిలవాలి.

తాత్పర్యం

తప్పులు చూడలేక పోతున్నాను.

పూర్వపక్షం

కవి పక్షాన గట్టిగా చెప్పవలసినది ఉన్నది, అది పరిహాసానికి అందేది కాదు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, పార్థీ గ్యాంగు దిగిందని, తెలంగాణలో ప్రతి ఫోనులోనూ ఏదో ఒక వీడియో ఉండేది. మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్రలో ధులే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపారు. అదే నెలలో బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు పంచినందుకు, హైదరాబాదు నుంచి వెళ్ళిన ఒక యువ ఇంజనీరును చంపారు. ఆ గుంపుల్లోని చాలామందికి ఆ వీడియో తమకు తెలిసినవాడి దగ్గరినుంచే వచ్చి ఉంటుంది. పంపినవాడు పిల్లల క్షేమంకోరే పంపి ఉంటాడు. అలాంటి వాహికలో మన పేరు ఉండడమే తప్పు అని ఎవరైనా అంటే వెంటనే కాదనడం కష్టం.

ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డుకు ఐదు చాట్ల హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చేతులు మారి మారి వచ్చిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా బిగించింది. అటువంటివి 70 శాతం తగ్గాయని తానే ప్రకటించుకుంది. అటువంటి సందేశం నెత్తిన జంట బాణం గుర్తు ఉంటుంది, ‘చాలా చేతులు మారినది, జాగ్రత్త’ అని చెప్పడానికి. మా పెదనాన్నగారు ఆ జంట బాణాన్ని చాలామంది మెచ్చారనడానికి గుర్తు అనుకుంటున్నారు.

ఇంకొక సాక్షి: వాట్సాప్‌ను కట్టి, 2014లో ఫేస్‌బుక్‌కు అమ్మిన ఇద్దరిలో ఒకడైన బ్రయన్ యాక్టన్, 2018 మార్చిలో ఫేస్‌బుక్‌ను తీసిపారేసే వేళ వచ్చిందని లోకానికి చెప్పాడు. గుడి కట్టి అమ్మినవాడే కొన్నవాడి గడప తొక్కవద్దంటుంటే పూజారి మాట ఎవరు వింటారు? 2024 నవంబరులో ‘గార్డియన్’ పత్రిక కూడా ఎక్స్‌లో తన ఖాతాలనుంచి రాయడం మానేసింది. ఇదీ పూర్వపక్షం.

సిద్ధాంతం

మొదట చరిత్ర. 1979 జులైలో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం పడుతుందంటే తెలుగు పల్లెల్లో కోళ్ళనూ మేకలనూ కోసుకుని తిన్నవారున్నారు. అది పోయి హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ పడింది. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట ఒక్కరోజులో దేశమంతా తిరిగింది. అప్పటికి మన దగ్గర ఉన్నవి ల్యాండ్‌లైన్లు, ఎస్టీడీ బూతులు. ఈ కరపత్రం వెయ్యి కాపీలు వేయించి పంచినవాడికి లాటరీ తగిలిందనీ, చింపినవాడు రక్తం కక్కాడనీ అచ్చువేసిన కాగితాలు గుళ్ళ దగ్గర మనమే పుచ్చుకున్నాం. కాబట్టి బావగారు వెళ్ళినంతమాత్రాన వార్త ఆగదు.

ఆగేది ఏమిటి? దీనికి అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. 2018లో అక్కడి ఎన్నికలకు ముందు కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించారు. మానినవారి మనసు కాస్త కుదుటపడింది, రాజకీయాల మీద పంతం తగ్గింది. అయితే వార్తల సంగతులు మాత్రం వారికి మాననివారికన్నా తక్కువ తెలిశాయి. వెళ్ళినవాడికి శాంతి దక్కుతుంది, నిజం దక్కుతుందన్న హామీ లేదు. ముక్కూమొహం తెలియనివారు కేకలు వేసుకునే ఎక్స్ వంటి చోట్లనుంచి పోతే వ్యాఖ్యాతకు ఏ అభ్యంతరమూ లేదు. అక్కడ మన మాటకు బరువులేదు, మన మౌనానికీ లేదు. కుటుంబం గ్రూపు సంగతి వేరు.

ఎందుకు వేరో చెప్పాలంటే న్యాయశాస్త్రం దగ్గరికి పోవాలి. వారి లెక్కలో ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుడి మాట. అక్కడ ఆప్తుడంటే విషయాన్ని తాను ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పేవాడు. వాడు మనకు ఏమీ కానక్కర్లేదు. తెలుగిళ్ళలో ఆప్తుడంటే దగ్గరివాడు, పెళ్ళికి వారం ముందొచ్చి పందిరి వేయించేవాడు. వాట్సాప్ రోగమంతా ఈ రెండు అర్థాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడంలోనే ఉన్నది. పెదనాన్నగారు మా ఆప్తులు కనుక ఆయన కషాయం ఆప్తవాక్యమైంది. ఆయనకు దాన్ని పంపిన పాత ఆఫీసు మిత్రుడు ఆయనకు ఆప్తుడు. ఆ వరుసలో ఎంత వెనక్కి పోయినా దగ్గరివాళ్ళే తగులుతారు, ఎరిగినవాడు తగలడు.

అయితే ఈ రోగంలోనే మందు కూడా ఉంది. దగ్గరివాడు చెప్పినందువల్ల అబద్ధం చెల్లుతున్నప్పుడు, దగ్గరివాడు చెబితే దాని ఖండన కూడా చెల్లాలి. 2018లోనే, అవే పుకార్ల మధ్య, జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పత్రికా ప్రకటనతో సరిపెట్టక పోలీసులను ఊరూరా తిప్పి జనంతో మాట్లాడించారు, జానపద కళాకారులతో పాటలు కట్టించి పాడించారు. ఊరివారికి తెలిసిన మొహం, తెలిసిన యాస, తెలిసిన బాణీ.

మా మేనత్త విషయంలోనూ జరిగింది ఇదే. బావగారు వెళ్ళిన మర్నాడు మా అక్క ఆమెకు ఫోన్ చేసింది. మోకాళ్ళ నొప్పులు, మనవడి ఫీజులు, పనిమనిషి రాకపోవడం అన్నీ అయ్యాక, ‘అత్తా, మెంతులు తాగితే తాగు గానీ ఇంజక్షన్ మాత్రం డాక్టరునడక్కుండా మానకు’ అంది. అత్త మానలేదు. పద్యం సాధించలేనిది ముప్పావుగంట ఫోను సాధించింది. లెక్కల మాస్టారికి ఈ ముప్పావుగంట చాలా ఖరీదుగా తోచింది. రోజుకు పది ఫార్వర్డులొస్తే పది ఫోన్లు చేస్తామా అని ఆయన ప్రశ్న. అక్కర్లేదు. చిప్ నోటుకు ఫోను దండగ, ఇన్సులిన్‌కు తప్పదు. మిగతావాటికి మ్యూట్ ఉన్నది.

ఇంకొక్కటి. మెదక్ దగ్గరి కొల్చారంవాడు, వ్యాఖ్యాతలకు మూలపురుషుడనదగ్గ మల్లినాథసూరి, మూలం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి కాళిదాసుకు టీక మొదలుపెట్టాడు. (రెండో మాట ఈ వ్యాఖ్యాతకు వర్తించదు.) నేటి సందేశాలకు చివర ‘ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్’ అని ఉంటుంది: వచ్చింది వచ్చినట్టు పంపాను, మూలంతో నాకు పనిలేదు అని. మల్లినాథుడి మాటకు ఇది సరిగ్గా వ్యతిరేకం. బావగారు అడిగిన ‘ఎవరు చెప్పారండీ?’ అన్నది మాత్రం మల్లినాథుడి వరసలోనిదే. ఆ గ్రూపులో ఆ ప్రశ్న వేసేవాడు ఆయన ఒక్కడే. నా అభ్యంతరమల్లా అదే.

రసం

శాంతమని కవి, రౌద్రమని అక్క.

పాఠాంతరం

ఈ పద్యానికి రెండు పాఠాలున్నాయి. మొదటిది పైన ఇచ్చినది, అక్క ఫోనులోని స్క్రీన్‌షాట్ ఆధారంగా పరిష్కరించినది. రెండోది పద్యం పుట్టిన వారానికి, మా అపార్ట్‌మెంట్ గ్రూపు ద్వారా, జంట బాణం గుర్తుతో వ్యాఖ్యాతకు అందింది. మొదటి మూడు పాదాలూ యథాతథం. కవి నిష్క్రమించే నాలుగో పాదాన్ని ఎవరో మహానుభావుడు తొలగించి, దాని స్థానంలో వేమన మకుటాన్ని తగిలించాడు. ఆటవెలది కనుక అతుకు తెలియకుండా సరిపోయింది. కింద ‘వందల ఏళ్ళ క్రితమే గ్రూపుల గురించి చెప్పిన మహాయోగి! ప్రతి తెలుగువాడూ షేర్ చేయాలి’ అని రాసి ఉన్నది. ఈ పాఠం ప్రకారం కవి ఉండలేనంటాడే గానీ ఎక్కడికీ వెళ్ళడు.

అది తిరిగి తిరిగి ‘మన కుటుంబం’లోకి కూడా వచ్చింది. అక్క ఫోనులో దాన్ని చూసిన బావగారు ఆ పూటే నాకు ఫోన్ చేసి, తనను మళ్ళీ గ్రూపులో చేర్పించమన్నారు. చేర్పించాను. ‘ఆ పద్యం నాది, వేమనది కాదు’ అని రాశారు. చాలాసేపు ఎవరూ పలకలేదు. చివరికి పెదనాన్నగారు టైపు చేయడం మొదలుపెట్టారు.

‘మీదే అనడానికి ఆధారం ఏమైనా ఉందా అల్లుడుగారూ?’