పిన్నీసు ఇంజినీర్లు

మా బావమరిదికి కడియపులంకలో నర్సరీ ఉంది. అతని చొక్కా జేబుకి ఎప్పుడూ ఒక పిన్నీసు గుచ్చి ఉంటుంది. బొత్తాం ఊడిపోయి కాదు. నర్సరీలో నీటి పారుదల శాఖ అంతా ఆ పిన్నీసే.

పొద్దున్నే మోటారు వేస్తాడు. స్ప్రింక్లర్లలో సగం గొడుగు విప్పినట్టు చక్కగా తిరుగుతాయి. కొన్ని జలుబు చేసిన ముక్కులా చీదుతాయి. మిగతావి మౌనవ్రతం. ఇతగాడు వరసంట నడుస్తూ, మాట్లాడనిదాని నోట్లో పిన్నీసు పెట్టి తిప్పుతాడు. చివ్వున నీళ్లు మొహాన కొడతాయి. "చూశారా బావగారూ, ఎలా వచ్చేసిందో!" అంటాడు. వచ్చేసిన మాట నిజమే. వరస ఆ కొసకి వెళ్లేసరికి ఈ కొసది మళ్లీ మూగబోయిన మాటా నిజమే. జీతం లేకపోయినా రోజూ చేయదగ్గ ఉద్యోగం.

పిన్నీసుకి ఇంకో మహిమ ఉంది. గుచ్చినకొద్దీ కన్నం పెద్దదవుతుంది. కన్నం అడ్డుకొలత పదో వంతు పెరిగితే చాలు, అదే ఒత్తిడి మీద నీళ్లు అయిదో వంతు ఎక్కువ పోతాయి. కొలత రెట్టింపైతే నీళ్లు నాలుగింతలు. మోటారు మాత్రం పాతదే. అందుకని మొదట్లో ఉన్న గులాబీకి పుష్కర స్నానం, చివర్న ఉన్న క్రోటన్‌కి ఆచమనం. క్రోటన్ ఎండిపోతే తప్పు క్రోటన్‌దే. "ఈ రకం మన నేలకి పడదండి."

గొట్టంలో ఏం పేరుకుందో గొట్టాన్నే అడగొచ్చు. వరస గొట్టం చివరి మూత విప్పి మోటారు వేస్తే అదే చెబుతుంది. ఎర్ర బురద వచ్చిందా, వరద రోజుల్లో గోదావరి కాలువలోకి పంపిన ఒండ్రు. పచ్చగా జారుడుగా వచ్చిందా, తొట్టిలో పెరిగిన నాచు. తుప్పు రంగు మడ్డి అయితే బోరు నీళ్లలోని ఇనుము. తెల్లటి పెచ్చులైతే సున్నం. బురదకి వడపోత, నాచుకి క్లోరిన్, ఇనుము నీళ్లకి గాలి తగిలించి తొట్టిలో తేర్చుకోవడం, సున్నానికి యాసిడ్. రోగాలు నాలుగు, మందులూ నాలుగు.

మన వైద్యం అంత దూరం పోదు. పిన్నీసుకి లొంగకపోతే యాసిడ్. "యాసిడ్ పోస్తే ఏదైనా కరిగిపోద్దండీ, ఆయ్!" అని పక్క నర్సరీ ఆయన భరోసా. ఒండ్రు యాసిడ్‌కి కరుగుతుందని ఆయనకి ఎవరు చెప్పారో గాని, ఒండ్రు మీదే నిలబడ్డ ఈ డెల్టా వాళ్లు ఆ మాట వింటే బెంగపెట్టుకోవాలి. సున్నానికైనా ఒక లెక్కుంది. నీళ్ల పీహెచ్ 4 దాకా దిగేలా కలిపి, ఒక రాత్రి గొట్టాల్లో ఉంచి, తెల్లారి మూతలు విప్పి కడిగేయాలి. యాసిడ్‌ని నీళ్లలో పోయాలి గాని, నీళ్లని యాసిడ్‌లో పోయకూడదు. ఆ ఆఖరి ముక్క మరిచిపోయినవాడు ముందు తన కళ్ల సంగతి చూసుకోవాలి, గొట్టాల సంగతి తర్వాత.

మరి ఫిల్టర్? ఉంది. దాని ముందొకటి, వెనకొకటి ఒత్తిడి చూపే మీటర్లు కూడా ఉన్నాయి. రెండింటి మధ్య తేడా అర కిలో దాటితే "నన్ను కడగండి" అని అది మొరపెట్టుకుంటున్నట్టు. మావాడి మీటర్ల ముళ్లు మాత్రం బిగించిన రోజు ఎక్కడున్నాయో ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. 2003లో మొదలైన సూక్ష్మ సేద్యం ప్రాజెక్టుతో రాష్ట్రంలో గొట్టానికి రాయితీ వచ్చింది. గొట్టం కడిగే ఓపికకి ఇంకా రాలేదు.

మావాణ్ణి చూసి నవ్వే అర్హత నాకూ లేదు. మా డెల్టా మొత్తం పిన్నీసు మీదే నడుస్తోంది. శివారుకి నీళ్లు రాలేదంటే అందరం శివారుకే పరిగెడతాం. అక్కడ ఆయిల్ ఇంజిన్లు పెట్టి తోడిస్తాం, వంతులు వేస్తాం, వంతు తప్పినవాడితో గట్టు మీద తగువులాడతాం. పైన వంతెన కింద గుర్రపుడెక్క పరుపు పరుచుకుని పడుకుంటుంది. దాన్ని ఎవరూ లేపరు. వేసవిలో కాలువలు కట్టేశాక చాలా రోజులు కాగితాలే కదులుతాయి. నీళ్లు వదిలే ముందు పొక్లెయిన్ కదులుతుంది. తీసిన పూడిక గట్టు మీదే పోస్తారు. తొలకరి పడగానే అది పుట్టింటికి చేరుతుంది. మళ్లీ ఏడాది మళ్లీ తీయొచ్చు. పిన్నీసుకీ పొక్లెయిన్‌కీ తేడా డీజిలు ఖర్చే.

రావాల్సిన నీళ్ల కథ అలా ఉంటే, పోవాల్సిన నీళ్లకీ దారి లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు కాని ధరతో పాటు, ముంపు నీళ్లు లాగని డ్రెయిన్లూ వాళ్ల చేత ఆ మాట అనిపించాయి. అన్నం పెట్టే నేలే సెలవు అడిగితే, మనం కమిటీ వేశాం.

మకిలిని మొదట్లోనే ఆపాలన్న సంగతి ముందే తెలిసినవాడు ఒకడు ఉండేవాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి ముగించిన ఆర్థర్ కాటన్. కాలువ తలతూము పక్కనే, చేరిన ఒండ్రుని కిందికి తోసేసే తూములు కూడా కట్టించాడు. మకిలి లోపలికి రాకముందే దానికి బయటి దారి చూపించాడన్నమాట. ఆ కృతజ్ఞతతో ఊరూరా ఆయన విగ్రహం పెట్టుకున్నాం. దండలు వేస్తాం. గట్టు మీది విగ్రహం కాబట్టి వాడిన దండ కాలువలోకే పోతుంది. అది కొట్టుకుపోయి కింద తూముకి అడ్డం పడుతుంది. శివారు రైతుకి కాటన్ గారు మళ్లీ గుర్తొస్తారు.

మొన్న ఆదివారం ఉండబట్టలేక "ఏరా, ఆ ఫిల్టర్ ఒకసారి విప్పు" అన్నాను. విప్పాడు. లోపల జల్లెడ లేదు.

"అది పెడితే నీళ్లు తగ్గిపోతున్నాయండీ బావగారూ. రెండేళ్ల కిందటే తీసేశాను."

"పారేశావా?"

"అబ్బే, పారేస్తానా!" అని పందిరి కిందికి తీసుకెళ్లాడు. జల్లెడ గొట్టాన్ని తీగతో వేలాడదీసి అందులో ఆర్కిడ్ పెట్టాడు. వేళ్లకి గాలి బాగా తగులుతుందట. ఊదారంగు పూలు గుత్తులుగా విరిశాయి. ఏమాటకామాటే, అందంగా ఉంది.

దాని మీద నీళ్లు చల్లాల్సిన స్ప్రింక్లర్ మాత్రం చుక్క రాల్చడం లేదు. మావాడు జేబు తడుముకున్నాడు.