గిత్త మనది.. గిరాకీ వాళ్లది!

బ్రెజిల్‌లోని ఉబెరాబాలో ఏటా జరిగే ‘ఎక్స్‌పోజెబు’ పశుమేళాకు దేశదేశాల పెంపకందారులు వెళ్తారు. ఫారాలు తిరిగి, తెల్లటి మూపురాల ఆవులను కళ్లప్పగించి చూస్తారు. ఆ ‘నెలోర్‌’ జాతి మరేదో కాదు, మన ఒంగోలు గిత్త సంతానమే! కరవది ఊరి పేరు మోసిన ఆబోతు 1960ల్లో వెళ్లి అక్కడి మేటి వంశాలకు మూలపురుషుడైంది. 2023లో వియాటినా-19 అనే నెలోర్‌ ఆవుకు 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. ఇక్కడేమో బండలాగుడు పందేలప్పుడు చప్పట్లు, పండగ వెళ్లాక గడ్డికి కటకట. పెరటి చెట్టు మందుకు పనికిరాదు మరి! ఒంగోలు జాతి వైభవం చూడాలంటే నేతలూ అధికారులూ బ్రెజిల్‌ వీసా తీసుకోవడమే మేలు. ‘అధ్యయన యాత్ర’ అంటే ఖర్చు ఎలాగూ సర్కారుదే!