పులిరాజా ఎక్కడికి పోయాడ్రా?

ఏరా అబ్బాయ్, పులిరాజా ఎవడో తెలుసా నీకు? తెలీదు. చేతిలో ఆ ఫోనుంది కదా అడుగు, ఏ పాత సినిమా పేరో చెబుతుంది. మా రోజుల్లో, అంటే మరీ మా తాతల కాలం కాదులే, నా మీసం నెరవడం మొదలైన రోజుల్లో, రాజమండ్రి పోదామని రోడ్డెక్కితే చాలు హోర్డింగుల మీద ఒకటే ప్రశ్న: ‘పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?’ అంతే, జవాబుండేది కాదు. మొదట్లో మేమంతా కొత్త సినిమా అనుకున్నాం, తర్వాత తెలిసింది అది ఎయిడ్స్ మీద అవగాహన ప్రచారమని. టీ కొట్టు దగ్గర వస్తుందని కొందరు, మంచోడిలా ఉన్నాడు రాదని కొందరు, ఒకటే వాదన. బస్సులో మా అమ్మాయి "నాన్నా, ఎయిడ్సంటే ఏంటి?" అని గట్టిగా అడిగింది. బస్సు బస్సంతా నా జవాబు కోసం చెవులు రిక్కించింది. నేను కిటికీలోంచి గోదారి చూపించాను. చూశావా, ప్రజల్లో అవగాహన అలా పెంచేవాళ్లం మేం!

మీకిప్పుడు ఆ బోర్డులూ లేవు, ఆ గోడరాతలూ లేవు. గోడలన్నీ ఇంగ్లీషు మీడియం బళ్లకీ, కీళ్లనొప్పుల నూనెలకీ ఇచ్చేశారు.

మన కడియం నర్సరీల సంగతే చూడు. మొక్కలు లారీకెత్తితే ఎక్కడెక్కడి రాష్ట్రాలకో పోవాలి. డ్రైవరు, క్లీనరు ఇల్లు వదిలి రోజుల తరబడి హైవే మీదే, జబ్బు అంటుకునే ముప్పూ వాళ్లకి ఎక్కువే. దేశంలో ఈ జబ్బు మొదట 1986లో మద్రాసులో బయటపడిందంటే మనకేంలే అనుకున్నాం. తీరా 2005-06లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రక్తపరీక్షలు చేస్తే, దేశం మొత్తమ్మీద పెద్దవాళ్లలో 0.28 శాతం మందికి ఉంటే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97. వందకి దాదాపు ఒకరన్నమాట. అందులో మన తూర్పుగోదావరిది వెనక వరసేం కాదు. ఆ రోజుల్లోనే లారీలు ఆగే చోటల్లా స్వచ్ఛంద సంస్థలవాళ్లు దిగి, డ్రైవర్లని చెట్టు కింద కూర్చోబెట్టి, చెక్కబొమ్మకి కండోమ్ తొడిగి చూపించేవారు. మేం పెద్దమనుషులం కదా, దగ్గరికెలా వెళ్తాం? పక్క మడిలో మొక్కలకి నీళ్లు పోస్తున్నట్టు నిలబడి వినేవాళ్లం. ఆ పూట క్రోటన్లు పీకల్దాకా మునిగిపోయేవి.

సూదులన్నా అంతే, మా కాలంలో ఎంత పొదుపని! ఆరెంపీ గారి దగ్గర ఓ గాజు సిరంజి, ఓ సూది, ఓ స్టవ్వు. నీళ్లు తెర్లాయా లేదా అని ఎవరూ చూసేవాళ్లు కాదు, అదే సూది ఊరందరికీ. మంగలి సగం బ్లేడుతో వారమంతా లాగించేవాడు. ఇప్పుడు చూడు, ప్రతివాడికీ కొత్త సూది, కొత్త బ్లేడు. దుబారా కాదూ? సర్లే, ఇది వదిలెయ్.

పాడు రోజులూ లేకపోలేదు. జబ్బుందని తెలిస్తే గ్లాసు వేరు, కంచం వేరు. శవాన్ని మోయడానికి నలుగురు దొరికేవారు కాదు. ముట్టుకుంటే రాదు, దోమకాటుకి రాదు, కలిసి తింటే రాదు. రక్షణ లేని సంభోగం వల్ల, జబ్బున్న రక్తం వల్ల, ఒకరి సూది ఒకరు వాడితే, తల్లి నుంచి బిడ్డకి వస్తుందని మైకులో చెప్పి చెప్పి ఆ సంస్థలవాళ్ల గొంతులే పోయాయి. 2004 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా మందులివ్వడం మొదలయ్యాక కానీ చావులు తగ్గలేదు.

ఆ మందుల దగ్గరే నాకు ఒళ్లు మండేది. నాకు తెలిసినాయన ఒకాయనున్నాడు, పేరు చెప్పను, చెబితే తప్పని 2017లో చట్టమే చేశారు. ఏళ్ల తరబడి హెచ్ఐవీ పాజిటివ్. రోజుకి ఒక్క మాత్ర వేసుకుని సైకిలెక్కి తోటకి పోతాడు. నాకు షుగరు, బీపీ, మోకాళ్లు; నా మాత్రల డబ్బా చూస్తే మందుల షాపువాడే దణ్ణం పెడతాడు. పైగా మందు మానకుండా వాడి, వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గి అలాగే ఉంటే, సంభోగం ద్వారా కూడా ఇంకొకరికి అంటదట. మా రోజుల్లో జబ్బంటే జబ్బులా ఉండేది!

మందొచ్చింది, సంతోషమే. మాట మాత్రం పడిపోయింది. అంత సిగ్గులోనూ మేం ఊరంతా దాని గురించే మాట్లాడుకున్నాం. మీకు సిగ్గనేదే లేదు, అయినా ఈ మాటెత్తరు. పోయిందనుకుంటున్నారు కాబోలు. పోలేదురా. ఎక్కువున్న రాష్ట్రాల వరసలో మన పేరింకా ఉంది.

అందుకని, ముసలాడి గొణుగుడే అనుకో, ఓ పని చెయ్యి. అనుమానముంటే సర్కారు ఆసుపత్రిలో హెచ్ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ గది ఎక్కడని అడుగు. పరీక్షకి డబ్బు తీసుకోరు, సంగతి బయటికి పొక్కనివ్వరు. అడగడానికి మొహమాటమైతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి, అదీ ఉచితమే. ఎలాగూ ఆ ఫోను చేతిలోంచి దిగదుగా.