మావాడైతేనా: ఒక పరామర్శ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "పోన్లెండి వదినగారూ, ఈ వయసులో ఇవన్నీ మామూలే. మావాడైతే ఇలాంటి వాటి జోలికి పోడనుకోండి. ఏదైనా అవసరమైతే మొహమాటపడకండి, మేమున్నాం."

అవతారిక: గ్రీష్మర్తువు. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, ఇంటర్ కాలేజీ ఇంకా తెరవలేదు. ఎటూ కాని ఆ నడిమి కాలంలో రాజమండ్రిలో పదహారేళ్ల బాలుడొకడు, ముగ్గురు స్నేహితులతో కలిసి ఒకే స్కూటరు మీద, ధవళేశ్వరం దిగువన గోదావరిలో ఈతకని బయల్దేరాడు. గట్టు దిగేచోట కంకర మీద బండి జారి, ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు వేయించి ఇంటికి తెచ్చిన సాయంత్రం పక్కింటావిడ స్టీలు డబ్బాలో పులిహోరతో వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, బాలుడి తల్లితో పలికిన వాక్యమిది. తల్లి ఏమీ అనలేదు. తండ్రి వంటింట్లో కాఫీ కలుపుతున్నాడు. వ్యాఖ్యాత అతడే.

కాళిదాసు మూడు కావ్యాలకూ 'సంజీవని' రాసిన కోలాచల మల్లినాథసూరి నేటి మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకేం, ఎదురుగా ఉన్నది రఘువంశం. పులిహోర డబ్బాతో పక్కింటావిడ ఎదురుగా కూర్చుని ఉంటే ఆ ఒట్టు ఎంతసేపు నిలిచేదో! నేను ఏ ఒట్టూ పెట్టుకోవడం లేదు.

పోన్లెండి, వదినగారూ: సులభం. విద్యార్థులు స్వయంగా ఊహించుకోగలరు.

ఈ వయసులో: ఈ వయసును పెద్దలు తేలిగ్గా తీసుకున్న దాఖలా లేదు. బాలకాండలో విశ్వామిత్రుడు వచ్చి రాముణ్ణి తన వెంట పంపమన్నప్పుడు దశరథుడు మొదట ఎత్తుకున్నది వయసు సంగతే. పిల్లాడికి పదహారేళ్లయినా నిండలేదు, రాక్షసులతో యుద్ధమేమిటి, కావాలంటే సైన్యాన్ని తీసుకుని నేనే వస్తానన్నాడు. ఎదిగే పిల్లల్ని పరాయి పెద్దమనిషి చేతిలో పెట్టి అడవికి పంపే శిబిరాల్లో నాకు తెలిసి అదే మొదటిది. ఆ గడియలో దశరథుడికి ధైర్యం చెప్పింది వసిష్ఠుడు. అదే విశ్వామిత్రుడి ఆగ్రహానికి తన కొడుకుల్ని పోగొట్టుకున్న వసిష్ఠుడు. "మావాళ్లయితే" అని మొదలుపెట్టడానికి ఆయనకున్నంత కథ మరెవరికీ లేదు. అయినా ఒక్క ముక్క ఎత్తలేదు. పంపించు, ఆయన కాపాడతాడు, పిల్లాడికి మంచి జరుగుతుందని చెప్పి ఊరుకున్నాడు. పరామర్శకు లక్షణం రాయాలంటే లక్ష్యం ఇదీ. మా వీధికి వసిష్ఠులు ఇంకా రావలసి ఉంది.

ఇవన్నీ: ఇక్కడ సూక్ష్మం ఉంది. జరిగింది ఒకటి. ఆవిడ వాడింది బహువచనం. మిగిలినవి ఏవి అని ఆకాంక్ష పుడుతుంది. పుట్టింది కూడా, ఆ రాత్రి పులిహోర తిన్నాక ఈ వ్యాఖ్యాత విచారణ జరిపాడు. వేసవి మొదలైనప్పటి నుంచీ మావాడు "పాలిసెట్‌కి కలిసి చదువుకుంటున్నాం" అని చెప్పి స్నేహితుడింటికి వెళ్తున్నాడు. ఆ స్నేహితుడు అదే మాట చెప్పి మా ఇంటికి వస్తున్నాడు. మీవాడెక్కడ అంటే వాళ్లింట్లో. వాళ్లవాడెక్కడ అంటే మా ఇంట్లో. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. ఒకదానికి రెండోది ఆధారం, రెండోదానికి మొదటిది ఆధారం, కింద నేల లేదు. వాదంలో ఈ దోషం పట్టుబడితే ప్రతివాది తల దించుకుంటాడు. వీళ్లు మాత్రం దాని మీద నెల రోజులు నిక్షేపంగా కాలక్షేపం చేశారు. మొదటి రోజే రెండిళ్ల మధ్య ఒక్క ఫోను తిరిగి ఉంటే ఆ ప్రమాణం కూలిపోయేది. ఫోను చేస్తే "మా మీద అనుమానమా" అనుకుంటారని మేం చేయలేదు. వాళ్లూ చేయలేదు. తెలుగునాట పిల్లల సాహసాలన్నీ పెద్దల మొహమాటం మీదే నడుస్తాయి.

మామూలే: ఏది మామూలు? పదహారేళ్లవాడు లైసెన్సు లేకుండా బండి నడపడమా? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 199ఏ అని ఒక సెక్షనుంది. మైనరు బండి నడిపి తప్పు చేస్తే దోషి పిల్లాడి సంరక్షకుడు, లేదా బండి యజమాని. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇంత కఠినమైన సూత్రం ఉండగా వీధి వీధినా పిల్లలు బండ్ల మీద ఎలా తిరుగుతున్నారంటే, 'మామూలు'కు నాలుగు రోడ్ల కూడలిలో ఉన్న రెండో అర్థం వల్లనేనని కొందరు వ్యాఖ్యాతల మతం.

ఇక ఈత. రబీ కోతలయ్యాక మరమ్మతులకనీ పూడికతీతకనీ డెల్టా కాలవలు కట్టేస్తారు. ఇంటి వెనక కాలవలో నడుం లోతు నీళ్లలో మునిగి లేచే పిల్లలు ఆ ఎండల్లో నదికి పోతారు. వేసవి గోదావరి చిక్కిపోయి, ఇసుక మేటలు వేసి, మోకాలి లోతే కనిపిస్తుంది. మోకాలి లోతే మరి. నాలుగడుగులు అవతల యంత్రాలతో ఇసుక తోడేసిన గుంత. పైన నీళ్లు ఒక్కలాగే ఉంటాయి. మావాళ్లు వెళ్లిన చోట ఒక బోర్డు లేదు, అడ్డంగా ఒక తాడు లేదు, పిలిస్తే పలికే మనిషి లేడు. ప్రతి వేసవీ పేపరు జిల్లా పేజీలో "ఈతకు వెళ్లి" అని మొదలయ్యే వార్త పడుతుంది. ఊరి పేరు మారుతుంది, రేవు పేరు మారుతుంది, పిల్లల వయసు మారదు. ఇది మామూలు అయిపోవడమే నా గొడవ. మావాడు నీళ్ల దాకా వెళ్లలేదు, గట్టు మీదే పడ్డాడు. ఆ కంకర పోసిన కాంట్రాక్టరు ఎవరో గానీ, రోడ్డు అధ్వానంగా వేసినందుకు ఆయనకు నా నమస్కారం.

వేసవి, నది, పిల్లలు అన్నాక కాళియ మర్దనం తలచుకోకుండా ముందుకు పోవడం నావల్ల కాదు. మనం దాన్ని పాము పడగల మీద నాట్యంగానే చూస్తాం, కేలండర్లలో అలాగే వేస్తారు గనుక. భాగవతం దశమస్కంధంలో అది ముందుగా ఒక వేసవి ప్రమాదం. ఎండకు తాళలేక గోవులూ గోపబాలురూ మడుగులో నీళ్లు తాగి పడిపోయారు. ఆ రోజు కృష్ణుడితో బలరాముడు వెళ్లలేదు. వ్యాసుడు ఈ సంగతి పనిగట్టుకుని చెప్పాడు. అన్న వెంట లేని రోజే ఇలాంటివి జరుగుతాయని ఆయనకు తెలుసు. స్నేహితుల్ని లేపాక ఇంటికి రావాలి కదా? రాలేదు. కడిమి చెట్టెక్కి, నడుం బిగించి, జబ్బ చరిచి దూకాడు. గట్టు మీదివాళ్లు నిశ్చేష్టులయ్యారు.

ఇక్కడ పూర్వపక్షం: కృష్ణుడప్పుడు పౌగండుడు, పదేళ్ల లోపు వాడు, ఈ వాక్యానికి ఉదాహరణ ఎలా అవుతాడు? సమాధానం: జబ్బ చరిచి దూకినవాడి వయసు దూకుడును బట్టి లెక్కించాలి.

అసలు నేను చెప్పదలచింది గట్టు మీద జరిగింది. అపశకునాలు చూసి వ్రేపల్లె అంతా కదిలింది. బలరాముడు ఇవాళ వెంట లేడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. దారిలో పాదముద్రలు వెతుక్కుంటూ యమున దాకా వచ్చారు. బలరాముడికి అంతా తెలుసు. తనలో తాను నవ్వుకున్నాడే గానీ ఏమీ చెప్పలేదు. (ఇంటికో బలరాముడు ఉంటాడు. మా ఇంట్లో మా పెద్దవాడు. తమ్ముడు ఎక్కడికి పోతున్నాడో వాడికి మొదటి నుంచీ తెలుసు.) నందుడు మడుగులోకి దిగబోతే మాత్రం ఆపాడు. యశోద దూకబోతే ఆపింది చుట్టుపక్కల ఇల్లాళ్లు. ఆమెకెంత బాధో వాళ్లకూ అంతే బాధట. ఆమెను గట్టిగా పట్టుకుని, కృష్ణుడి ముఖం మీంచి చూపు తిప్పకుండా, వాడి వ్రేపల్లె ముచ్చట్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ నిలబడ్డారు. వాళ్లెవరో ఆలోచించండి. వెన్న పోయిందనీ, కుండలు పగిలాయనీ, దూడల్ని విప్పేశాడనీ ఆ పిల్లాడి మీద యశోదకు ఫిర్యాదులు మోసిన ఊరి ఆడవాళ్లు. "మేం అప్పుడే చెప్పాం" అనడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. అనలేదు.

పిల్లాడు పైకి వచ్చాక కొట్టినవాడూ లేడు, తిట్టినవాడూ లేడు. నందుడు బ్రాహ్మణులకు గోదానాలు చేశాడు. అలసిపోయి అందరూ ఆ రాత్రి యమున ఒడ్డునే పడుకుంటే, వేసవి అడవికి నిప్పంటుకుని చుట్టూ మూసుకొచ్చింది. అదీ కృష్ణుడే మింగాడు. ఒకటి తేలిందనుకుని కన్ను మూసేసరికి రెండోది వస్తుందని పదహారేళ్ల పిల్లలున్న ఇంట్లో ఎవరికీ టీక రాసి చెప్పక్కర్లేదు.

ఆ గట్టు మీది ఇల్లాళ్ల వంటి ఒకావిడ మాకూ దొరికింది. స్కూటరు చివర వేలాడుతూ వెళ్లిన పిల్లాడి తల్లి. వీధి మలుపులో ఇస్త్రీ బండి ఆవిడదే. ఎక్స్‌రే గది బయట బల్ల మీద మా ఆవిడ పక్కన కూర్చుని, మావాడు మూడో తరగతిలో వాళ్లింట్లో చద్దన్నం పెరుగు వేయించుకుని తిని, "మా ఇంట్లో ఇది వండరు" అన్నాడని చెప్పింది. ఆ పూట మా ఆవిడ నవ్వింది అప్పుడొక్కసారే.

ఎక్కడున్నాం? రెండో వాక్యం దగ్గర.

మావాడైతే: ఈ సందర్భానికి ప్రాణం ఈ మాటే. పైకి పొగిడి లోపల నిందిస్తే వ్యాజస్తుతి. ఓదార్చే నెపంతో తన కొడుకును పొగుడుకోవడానికి ఆలంకారికులు పేరు పెట్టలేదు. వాళ్ల కాలంలో పరామర్శకు వచ్చినవాళ్లు పరామర్శించి వెళ్లేవాళ్లేమో. దీనికి 'వ్యాజపరామర్శ' అని నేను నామకరణం చేస్తున్నాను. లక్షణం: ఎదుటివారి పిల్లాడి చేతికి కట్టు ఉండాలి, మన పిల్లాడి ర్యాంకు ప్రస్తావనకు రావాలి, మధ్యలో ఒక నిట్టూర్పు పడాలి.

పాఠాంతరాలు ఉన్నాయి. తెలంగాణ ప్రతిలో "ఏం గాదు వదినా, పిల్లలన్నంక గిట్లనే ఉంటరు, మావోడైతే ఇల్లు ఇడిసి బయటికే పోడు" అని ఉంటుంది. డల్లాస్ ప్రతిలో మావాడు వేసవంతా వాలంటీరు పనిలోనూ ఎస్ఏటీ తయారీలోనూ మునిగి ఉంటాడు. అక్కడ పదహారేళ్లకే లైసెన్సు చేతికి వస్తుంది కనుక తల్లిదండ్రుల బెంగకు చట్టబద్ధత కూడా ఉంది. ఏ ప్రతిలోనూ 'మావాడు' బండి నడపడు.

మన ప్రతిలోని మావాడి సంగతి. విచారణలో తేలిన ప్రకారం ఆ స్కూటరు పక్కింటిదే. తాళంచెవి ఫ్రిజ్ మీంచి తెచ్చింది 'మావాడే'. గట్టు దాకా నడిపిందీ వాడే. దిగేచోట మాత్రం మావాడి చేతికిచ్చాడు. విరిగిన అద్దం గురించి తల్లి అడిగితే, గేటు ముందు స్టాండు వేసి ఉండగా ఆవు తోసిందన్నాడట. ఆవిడ నమ్మింది. ఆవులు తోస్తాయి కూడా.

అనుకోండి: ఈ క్రియ వక్తకు రక్ష. రేపు సత్యం బయటపడితే, నేను పోడని అనలేదు, మిమ్మల్ని అనుకోమన్నాను అనవచ్చు.

మొహమాటపడకండి, మేమున్నాం: మూలం మొత్తంలో చట్టం ఒప్పుకునే మాట ఇదొక్కటే. పైన చెప్పిన సెక్షను ప్రకారం దోషి సంరక్షకుడు, లేదా బండి యజమాని. బండి వాళ్ల పేరు మీద ఉంది. కాబట్టి నిస్సందేహంగా వాళ్లున్నారు.

మొహమాటపడవద్దన్నారు గనుక మేం పడలేదు. బండి సంగతి చెప్పాం. కాసేపు కాఫీ చల్లారింది. తర్వాత మా ఆవిడే అంది: పిల్లలు ఎలాగూ నీళ్లకు పోతారు, మెట్లున్న రేవులో లారీ ట్యూబులతో ఈత నేర్పే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారున్నారు, రోజూ ఒకింటి పెద్ద వెంట వెళ్లాలి, నాలుగిళ్లూ వంతులేసుకుందాం. ఇస్త్రీ బండి ఆవిడ వెంటనే ఒప్పుకుంది. పక్కింటాయన తన వంతు రోజున లుంగీ కట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని తయారయ్యాడు. ఈత ఆయనకూ రాదు. మెట్ల మీద కూర్చుని, పిల్లల ఫోన్లన్నీ ఒళ్లో పెట్టుకుని, ఇంకా లోపలికి పోవద్దని కేకలేస్తుంటాడు.

నది దాటిన పదిమందిలో ఒకడు లెక్కపెట్టుకుంటూ తనను తాను వదిలేసి, తొమ్మిదిమందే ఉన్నారని గోలపెట్టే కథ వేదాంతంలో ఉంది. విద్యారణ్యులు 'పంచదశి'లో దాన్ని విస్తరించారు. దానికి లోకంలో దృష్టాంతం నేను ఇప్పుడే చూశాను. ఒకరోజు పక్కింటాయన నీళ్లలో తలలు లెక్కపెట్టాడు. మూడే తేలాయి. నలుగురిని తెచ్చానని గుండె జారి, ఫోన్లన్నీ మెట్ల మీద జారవిడిచి, లుంగీతో సహా దూకబోయాడు. కట్టు విప్పేదాకా నీళ్లు తగలకూడదని ఆయన పక్క మెట్టు మీదే కూర్చున్న మావాడు, బాగున్న చేత్తో ఆయన తువ్వాలు పట్టుకుని, "నాలుగోవాణ్ణి నేనే అంకుల్" అన్నాడట.